కేజ్ సిస్టమా, కాలనీ సిస్టమా?

రెండువేల రెండో సంవత్సరానికల్లా చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో లవ్‌బర్డ్స్ లేని గడప ఉండదని, స్వయం ఉపాధి వైవిధ్య శాఖ మంత్రి గోవిందరాజులుగారు ప్రకటించారు. మైకు పట్టుకుని చెప్పిన మాట కాబట్టి దానికి తిరుగులేదు. బెంగళూరువాళ్లు పిట్టల్ని కొంటున్నారు. బెంగళూరు మనకు దగ్గర. కాబట్టి పిట్టల్ని మనమే పెంచాలి. ఇంత సూటిగా ఆర్థికశాస్త్రం చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మదనపల్లె విలేకరిని కనుక ఆ వార్త నేనే రాశాను.

ఒక్క విషయం మాత్రం తేలలేదు. పిట్టల్ని జత జతగా విడివిడి పంజరాల్లో పెంచాలా, లేక అన్నిటినీ ఒకే పెద్ద గదిలో వదిలి పెంచాలా? మొదటిది కేజ్ సిస్టం, రెండోది కాలనీ సిస్టం. ఈ చిక్కు తేల్చడానికి ప్రాజెక్టు ఆఫీసరు జయచంద్రగారు మూడు పైలట్ యూనిట్లు పెట్టించారు. మదనపల్లెలో కేజ్, పుంగనూరులో కాలనీ, కుప్పంలో రెండూ. ఎనిమిది నెలలపాటు నెలనెలా హైదరాబాదుకు రిపోర్టులు పంపారు. మదనపల్లె యూనిట్లో పిల్లలు బతికిన శాతం అరవై రెండు పాయింట్ నాలుగు అని ఒక రిపోర్టులో చదివాక నాకు ఆయనమీద గౌరవం రెట్టింపయింది. ఎందుకంటే ఆ మూడు ఊళ్లలోనూ అప్పటికి ఒక్క పిట్ట కూడా లేదు. పిట్టలుంటే అరవై రెండు ఎవడైనా తెస్తాడు. లేకుండా ఆ పాయింట్ నాలుగు తేవడం సామాన్యుడి పని కాదు.

రిపోర్టులు చదివి మంత్రిగారు ముచ్చటపడ్డారు. నవంబరు పదకొండో తేదీ, గురువారం, మూడు యూనిట్లూ స్వయంగా చూసి కేజో కాలనీయో అక్కడికక్కడే తేల్చేస్తానని కబురు పెట్టారు.

ఆ కబురు అందిన సాయంత్రమే జయచంద్రగారు మా ఇంటికొచ్చారు.

"అప్పా, నువ్వు ఊళ్లన్నీ తిరుగుతుంటావు. యాడన్నా పిట్టలుండాయా?"

నాకు మునిరత్నమ్మ గుర్తుకొచ్చింది.

ఆమెది బి.కొత్తకోట దారిలో చిన్న పల్లె. పట్టుగూళ్ల ధర పడిపోయిన ఏడాది పట్టుపురుగుల షెడ్డు ఖాళీ అయితే, ఎవరో బెంగళూరు వ్యాపారి ఇచ్చిపోయిన రెండు జతల లవ్‌బర్డ్స్‌ని అందులో వదిలిందట. మేం వెళ్లేసరికి నలభై ఉన్నాయి. గోడ పొడవునా చిన్నచిన్న మట్టికుండలు కట్టి ఉన్నాయి. ఒక్కో కుండలోంచి ఒక్కో ముక్కు బయటికొచ్చి మమ్మల్ని చూసి లోపలికి పోయింది.

జయచంద్రగారు నోట్‌బుక్ తెరిచారు. "ఇది కేజ్ సిస్టమా, కాలనీ సిస్టమామ్మా?"

"షెడ్డు సార్" అంది మునిరత్నమ్మ.

"అది కాదమ్మా. ఎట్ల పెంచతా ఉండావు?"

"జతకు రెండు కుండలు కట్టాల సార్. అన్నీ ఒకే ఎత్తున కట్టాల. ఒక్కటి పైన కట్టినామంటే ఆ పైకుండ కోసరం పెట్టలన్నీ కొట్టుకుంటాయి. గుడ్లు గూడా సూసుకోవు."

జయచంద్రగారు ఇదంతా శ్రద్ధగా రాసుకున్నారు. రాసింది ఒకసారి చదువుకుని, పైకుండ సంగతి మంత్రిగారు తనకే తగిలించుకుంటారేమోనని అంతవరకు కొట్టేశారు. ఇలాంటి ముందుచూపు ఉన్నవాళ్లే ఆఫీసర్లవుతారు.

తరువాత ఆమె తన గోడు చెప్పింది. షెడ్డు జాలీ చినిగిపోయింది. పిల్లి దూరుతోంది. పోయిన నెలలో తొమ్మిది పిట్టలు పోయాయి. ఈ స్కీములోనే కొత్త ఇనుప జాలీకి అర్జీ పెట్టి జూలై నుంచీ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది.

"ఈ సలికాలం గడిస్తే సాలు సార్. జాలీ రాకుంటే సంక్రాంతి లోపల ఆ పిల్లి ఒక్కటి గూడా మిగలనీదు."

"జాలీకి నాది పూచీ" అన్నారు జయచంద్రగారు. "గురువారం ఒక్క దినం నీ పిట్టల్ని ఇయ్యి."

"మూడు కుండల్లో గుడ్లుండాయి సార్. ఆ పెట్టల్ని మాత్రం ఎత్తొద్దండి. లేస్తే గుడ్లు సల్లబడతాయి."

"రిపోర్టులో నలభై రెండని పోయుండాదమ్మా. ఇప్పటికే రెండు తక్కువ. ఇంకా మూడు తగ్గితే నేనేమని చెప్పుకోవాల?"

మునిరత్నమ్మ నావైపు చూసింది. "సార్ మాట తప్పే మనిషి కాదమ్మా" అన్నాను. జీపులో నాకూ సీటు ఉందని ఆయన అంతకుముందే చెప్పి ఉన్నారు.

గురువారం తెల్లవారుతూనే టమాటా పెట్టెలకు దోమతెరలు కట్టి పిట్టల్ని జీపెక్కించాం. మునిరత్నమ్మ షెడ్డు తలుపు దగ్గరగా వేసి, కొర్రల మూట ఒళ్లో పెట్టుకుని తనూ ఎక్కింది. పిట్టలు ఎక్కడుంటే తానూ అక్కడే ఉంటానంది.

మదనపల్లెలో ఇరవై కొత్త పంజరాలు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఫైలు నంబరుతో. జయచంద్రగారు పచ్చదానికి పచ్చదాన్ని, నీలానికి నీలాన్ని జత కలుపుతూ పోయారు.

"అయ్యో, ముక్కు పైన సూడండి సార్" అంది మునిరత్నమ్మ. "నీలంగా ఉంటే పుంజు, మట్టిరంగుగా ఉంటే పెట్ట. మీరు పెట్టకు పెట్టను కలిపినారు. సంపుకుంటాయి."

"రంగు కలిసిందా, లేదా? సూసేవాళ్లకు అది సాలు."

మంత్రిగారు వచ్చారు. ఏడో నంబరు పంజరంలో రెండు పెట్టలు ఒకదాని ముక్కు ఒకటి పట్టుకుని గుంజుకుంటున్నాయి.

"ఏమప్పా జయచంద్రా, ముద్దులాడుకుంటుండాయా?"

"అవును సార్. కేజ్ సిస్టంలో ప్రైవసీ ఎక్కువ సార్."

"పెండ్లైన కొత్తలో అట్లే ఉంటాదిలే" అని మంత్రిగారు నవ్వి, టిఫినుకు గెస్ట్‌హౌసుకు వెళ్లారు. ఆయన ఇడ్లీల దగ్గర ఉండగానే మేం పిట్టల్ని మళ్లీ టమాటా పెట్టెల్లోకి తోశాం. మా డ్రైవరు వెంకటేశులు పుంగనూరు దారిలో ఒక్క గుంతనూ వదలలేదు.

పుంగనూరులో ఒక గోడౌనుకు జాలీ బిగించి ఉంచారు. సరికొత్త ఇనుప జాలీ. మునిరత్నమ్మ దాన్ని వేళ్లతో తడిమి తడిమి చూసింది. పిట్టల్ని అందులో వదిలితే, జీపు కుదుపులకు బెదిరి నలభైకి నలభై ఒకే తాడు మీద వరసగా కూర్చుని, నోరు మెదపలేదు. మంత్రిగారు చాలాసేపు చూశారు.

"ఏం క్రమశిక్షణ! ఏం క్రమశిక్షణ! ఒక్కటన్నా మాట్లాడుతుందేమో సూడండి. కాలనీ అంటే ఇదప్పా. మన పార్టీ మీటింగులు ఇట్ల జరిగే దినం ఎప్పుడొస్తుందో."

ఆ మాటకు పార్టీవాళ్లందరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు.

మంత్రిగారు అక్కడే భోజనానికి కూర్చున్నారు. మేం పలమనేరు మీదుగా కుప్పం చేరాం. సగం పిట్టల్ని పంజరాల్లో, సగాన్ని తడికెల గదిలో పెట్టేసరికి సైరన్ వినపడింది. అప్పటికే కొన్ని కళ్లు మూసుకుని తూగుతున్నాయి. రెక్కలో ఒక తెల్లటి ఈక ఉన్న పచ్చపిట్ట ముందు మంత్రిగారు టక్కున ఆగారు.

"దీన్ని యాడనో సూసినట్టుండాదే."

నాకు చెమటలు పట్టాయి. జయచంద్రగారికి పట్టలేదు.

"మూడు యూనిట్లలోనూ ఒకే క్వాలిటీ మెయింటైన్ చేస్తా ఉండాం సార్. స్టాండర్డైజేషన్."

"బలే బలే! మనుషులతోనే కాని పని పిట్టలతో చేయించినావు గదప్పా."

ఇక తీర్పు చెప్పే ఘడియ వచ్చింది. మంత్రిగారు మైకు అందుకున్నారు. కేజ్ సిస్టంలో అన్యోన్యత చూశానన్నారు. కాలనీ సిస్టంలో క్రమశిక్షణ చూశానన్నారు. తమ ప్రభుత్వం ఎవరినీ నొప్పించదన్నారు. "కాబట్టి పెద్ద కాలనీ కట్టి, దాంట్లో కేజ్‌లు పెడదాం!" అన్నారు. చప్పట్లు ఆగలేదు. దీనికి పడమటి మండలాల నమూనా అని అక్కడికక్కడే పేరు పెట్టారు. రెండు వాదాలనూ ఒక్క మాటతో ఏకం చేసిన ఆ చాతుర్యానికి నా పెన్ను ఒక్క క్షణం ఆగిపోయింది.

అంతలో మునిరత్నమ్మ జనంలోంచి ముందుకొచ్చింది.

"ఎవురీమె?" అన్నారు మంత్రిగారు.

"కుప్పం యూనిట్ లబ్ధిదారు సార్" అన్నారు జయచంద్రగారు.

"ఏమ్మా, నువ్వు సెప్పు. కేజ్ మేలా, కాలనీ మేలా?"

"పిల్లి రాకుంటే యాదైనా మేలే సామీ. నా జాలీ..."

మంత్రిగారు పకపకా నవ్వారు. "రాసుకో జయచంద్రా, అనుభవంతో సెప్పిన మాట" అంటూ కారెక్కారు. జయచంద్రగారు రాసుకున్నారు కూడా.

మేం పల్లె చేరేసరికి పొద్దుగూకింది. పిట్టల్ని షెడ్డులో వదిలిపెట్టి మునిరత్నమ్మ మూడు కుండలూ దించింది. పదకొండు గుడ్లు. ఒక్కొక్కదాన్నీ చెంపకు ఆనించి చూసి మళ్లీ కుండలో పెట్టింది. చివరి గుడ్డు దాకా అలాగే చూసింది.

"సల్లబడిపొయినాయప్పా" అంది.

"పెట్టలుండాయి గదమ్మా, మళ్లీ పెడతాయిలే" అన్నారు జయచంద్రగారు జీపులోంచే. నాకు మాత్రం సిగ్గేసింది. ఆమె ముఖం చూడలేక దోమతెరలు మడతపెట్టే పని పెట్టుకున్నాను. మర్నాడు పత్రికలో మూడు యూనిట్ల విజయగాథ ఫోటోతో సహా వచ్చింది. అదీ నేనే రాశాను.

డిసెంబరు నెలాఖరులో మునిరత్నమ్మ ఒక కవరు పట్టుకుని మా ఇంటికొచ్చింది. అప్పటికి పిల్లి ఇంకా ఆరు పిట్టల్ని ఎత్తుకుపోయిందట. "ఆఫీసు కాగితం వచ్చుండాది. జాలీ సంగతే అయ్యుంటాది, సదువప్పా" అంటూ కొంగుతో ముఖం తుడుచుకుని నా ఎదుట కూర్చుంది.

కాగితం చక్కటి టైపులో ఉంది. అడుగున జయచంద్రగారి సంతకం, పైన గుండ్రటి ముద్ర. నేను గొంతు సవరించుకుని చదివాను.

"ఇనుప జాలీ కోరుతూ తమరు పెట్టుకున్న దరఖాస్తుపై మా సిబ్బంది నవంబరు పదకొండో తేదీన తమరి గ్రామంలో తనిఖీ జరిపినారు. షెడ్డులో పక్షులు గానీ, దరఖాస్తుదారు గానీ కనిపించలేదు. తమరు పక్షుల పెంపకం చేయడం లేదని నిర్ధారించి, దరఖాస్తును తిరస్కరించడమైనది."

మునిరత్నమ్మ కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ కవరులో పెట్టింది.

"పదకొండంటే యా వారమప్పా?" అని అడిగింది.

"గురువారం" అన్నాను.