దొరసానితో కబుర్లు

నాకు మాటలు తక్కువ. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ నాకు చెముడనుకుంది. చెముడు కాదు, బద్ధకమని తర్వాత తెలుసుకుంది.

మా అమ్మాయికి ఆ లోటు లేదు. తన వాటాతోపాటు నా వాటా కూడా మాట్లాడేస్తుంది. పాలు పితికేటప్పుడు ఆవుతో కూడా కబుర్లే.

ఆ ఆవు పేరు దొరసాని. అమ్మాయి కూర్చుంటే బిందె నింపుతుంది. నేను కూర్చుంటే బిందెనూ నన్నూ కలిపి గోడకేసి తన్నుతుంది.

ఇలా ఉండగా అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి పశుశాస్త్రంలో పీజీకి దరఖాస్తు పెట్టింది. ఆ కాలేజీకి వెళ్లాలంటే రైలు దిగి బస్సెక్కాలి, బస్సు దిగి మళ్లీ రైలెక్కాలి.

"మరి దొరసాని పాలు ఎవరు పితుకుతారు?" అన్నాను. ఆ ఏడాదికి అదే నా పెద్ద ఉపన్యాసం.

"ఇంకెవరు? నువ్వే" అంది మా ఆవిడ.

నాకు నా నడుము గుర్తొచ్చింది.

ఇంటర్వ్యూ లాప్‌టాప్‌లోనే అన్నారు. అమ్మాయి ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుంది. తెరమీద ముగ్గురు ప్రొఫెసర్లు. "చీమ చిటుక్కుమన్నా ఊరుకోను" అంటూ మా ఆవిడ గుమ్మంలో కాపలా.

కాపలా గుమ్మంలోనే కదా, కొట్టంలో కాదు కదా! మెల్లగా వెళ్లి దొరసాని పలుపుతాడు విప్పాను. అమ్మాయి గొంతు వినబడితే చాలు, అది పరుగెత్తుతుంది. కాస్త గోల, కాస్త తడబాటు, సీటు పోతుంది, అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది. మూడో తరగతితో ఆగిపోయిన బుర్రకు ఇంతకన్నా ఏం తోస్తుంది?

దొరసాని కిటికీలోంచి తల పెట్టి, అమ్మాయి భుజం మీదుగా లాప్‌టాప్‌ను నాకింది.

"ఎవరమ్మా అది?" అంది తెరమీది పెద్దావిడ.

"మా దొరసాని అండీ. ఒక్క నిమిషం." అమ్మాయి తొణకలేదు. దాని మూతి పట్టుకుని పక్కకు తిప్పింది.

"ఎలాగూ వచ్చింది కదా, పళ్లు చూపించు. వయసెంతో ఎలా చెబుతావు?"

అంతే, ఇంటర్వ్యూ ఆవు మీదికి మళ్లింది. పళ్లు, కళ్లు, మేత, ఈత. అమ్మాయి నోటికి ఇక అడ్డేముంది! ప్రొఫెసర్లు ముచ్చటపడిపోయారు.

చివర్లో ఒకాయన అడిగాడు, "ఆవు వెనకాల తాడు పట్టుకుని నక్కిన పెద్దాయన ఎవరమ్మా?"

"మా నాన్నగారండీ. పరీక్షకు ఆవు ఉంటే బాగుంటుందని పట్టుకొచ్చారు."

ముగ్గురూ నాకు నమస్కారం పెట్టారు. నేను "ఊఁ" అన్నాను. మా ఆవిడ నా మొహం చూడలేదు. నా చేతిలోని తాడు చూసింది.

సీటు వచ్చింది. రైలెక్కబోతూ అమ్మాయి నా చెవిలో, "థాంక్స్ నాన్నా, తాడు విప్పినందుకు" అని నవ్వింది.

మర్నాడు పొద్దున్నే బిందె, నేను, గోడ.

"ఏమయ్యా, అది కబుర్లకు అలవాటుపడిన ఆవు. మాట్లాడితేనే పాలు చేపుతుంది" అంది మా ఆవిడ, నా నడుముకు కాపడం పెడుతూ.

"ఆవుతో ఏం మాట్లాడనే?"

"తాడు విప్పడం వచ్చుగా. నోరు విప్పడం రాదా?"

మర్నాడు "ఎండగా ఉంది" అన్నాను. దొరసాని కాలు ఎత్తింది. "నిన్న కూడా ఎండే" అన్నాను. దించింది.

ఇక తప్పుతుందా? బడి ఎగ్గొట్టి గడ్డివాములో దాక్కున్న సంగతి చెప్పాను. అమ్మాయి లేక ఇల్లు బావురుమంటోందని చెప్పాను. కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ వాకిట్లో నన్ను చూసి నవ్విన రోజు దాకా వచ్చాను. బిందె నిండుతూనే ఉంది.

ఒకరోజు గొంతు పట్టేసింది. ఈరోజు గోడ తప్పదనుకుంటూ బిక్కచచ్చి కూర్చున్నాను. దొరసాని నెమరు వేసుకుంటూ బిందె నింపేసింది!

"ఏమయ్యా, ఇవాళ ఏమీ వినబడదే?" గోడ అవతలనుంచి మా ఆవిడ గొంతు.

తొంగిచూశాను. పీట వేసుకుని, గోడకు చేరగిలబడి బఠాణీలు ఒలుస్తోంది. ఆవిడ వీపు ఆనే చోట గోడ అద్దంలా నున్నబడిపోయింది.

"మాట్లాడకపోయినా ఇచ్చిందే!" అన్నాను బొంగురుగా.

"మొదటి వారానికే నీ చేతికి అలవాటుపడింది."

"మరి చెప్పవేం?"

"చెబితే నోరు మూసేస్తావుగా!" అంది. చేతిలో గింజలు గిన్నెలో వేసి, పీట ఇంకాస్త గోడ దగ్గరికి లాక్కుంది. "నిన్న ఎక్కడ ఆపావు? నేను నవ్వాను. తర్వాత?"

నేను "ఊఁ" అన్నాను.

దొరసాని కాలు ఎత్తింది.