గుండెదడకు నెవిల్ చెప్పిన కారణాలు

నెవిల్ ట్యాప్‌స్కాట్ కాగితం మిల్లులో ఉద్యోగం చాలించాక సైకిలు పిచ్చిలో పడ్డాడు. బర్నీ ఊరు రేవు దగ్గర మొదలై నేరుగా కొండలెక్కుతుంది. ఆ కొండల్లో ఏ రోడ్డు బాగా నిటారుగా ఉంటే నెవిల్ ఆ రోడ్డే పట్టేవాడు. వెంట స్నేహితుడు లాఫ్టీ ఉండేవాడు. లాఫ్టీ అంటే మహా పొడగరి అని అర్థం. మనిషి మాత్రం నెవిల్ భుజం దాటడు.

ఒక శనివారం కొండ దిగి వచ్చి, వరండా మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే నెవిల్ గుండె తాళం తప్పింది. గబగబా కొట్టుకుంది, ఒక దెబ్బ మింగేసింది, తరవాత వలలో పడ్డ చేపలా గిలగిల్లాడింది. కొండెక్కుతున్నంతసేపూ బుద్ధిగా ఉండి, తీరా కూర్చున్నాక ఈ అల్లరేమిటో అతనికి అర్థం కాలేదు. కాసేపటికి సర్దుకుంది. భార్యకు చెప్పకూడదని అప్పుడే తీర్మానించుకున్నాడు. చెబితే సైకిలు షెడ్డులోకీ, షెడ్డు తాళం రేలీన్ జేబులోకీ పోతాయి.

అయితే రేలీన్ వంటింటి కిటికీలోంచి చూడనే చూసింది.

“గుండెమీద చెయ్యేసుకున్నావేంటి? జాతీయగీతం పాడుతున్నావా?”

“పొద్దున కాఫీ ఎక్కువైంది. అంతే.”

“అంతేనా?”

“అంతే అంటే అంతే.”

మర్నాడు ఇంట్లో కాఫీ లేదు. కాఫీ డబ్బాలో బార్లీ పొడి ఉంది. తడిసిన గోనెసంచి వాసన వేసే ఆ నీళ్ళని నెవిల్ నోరెత్తకుండా తాగాడు.

మరుసటి వారం గుండె మళ్ళీ గంతులేసింది. ఈసారి నేరం రాత్రి తాగిన బీరు మీద మోపాడు. ఫ్రిజ్‌లో బీరు ఉండే చోటికి అల్లం సోడా వచ్చింది. ఆ తరవాత, నీళ్ళు సరిగ్గా తాగలేదు, ఒంట్లో లవణాలు తగ్గాయన్నాడు. రేలీన్ బుట్టెడు అరటిపళ్ళు తెచ్చి ఎదురుగా పెట్టింది. తిన్నది అరగలేదన్నాడు. అతను ప్రాణం పెట్టే, స్కాలప్ గుల్లల మాంసం కూరిన రొట్టె ఇంటికి రావడం మానేసింది. ఇక మిగిలినవేమీ లేక, “నీ టీవీ గోలకి నాకు నిద్ర పట్టట్లేదు,” అన్నాడు.

రేలీన్ టీవీ కట్టేసింది. అదే అన్నిటికన్నా పెద్ద శిక్ష అయింది. సాయంత్రాలు ఆమె ఊలు అల్లుకుంటూ, మాట్లాడకుండా, టీవీని చూసినట్టు నెవిల్‌ని చూస్తూ కూర్చునేది.

ఈ పథ్యమంతా లాఫ్టీ భార్య జాయ్స్ చెవిన పడింది.

“ఒరేయ్ నెవ్, నువ్వు నోరు తెరిస్తే చాలు, మా ఇంట్లో ఒక సీసా మాయమవుతోందిరా,” అన్నాడు లాఫ్టీ. “రోగం నీకు, శిక్ష నాకా?”

“రోగమేం కాదు.”

“మరి మొన్న కొండమీద బెంచీ దగ్గర సున్నంలా పాలిపోయింది ఎవడి మొహంరా? రేలీన్‌కి చెప్పు.”

“చెప్తాలే.”

చెప్పలేదు. సైకిలు ఒక్కటే కాదు కారణం. రేలీన్ వాళ్ళన్న కోలిన్ కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడి వచ్చి, బట్టలు మార్చుకునే గదిలో బల్లమీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఆ కబురు ఆమెకి మోసుకెళ్ళింది నెవిలే. అప్పటి ఆమె మొహాన్ని మరోసారి చూసే ధైర్యం అతనికి లేదు.

ఒకరోజు పొద్దున్నే రేలీన్ మంచమ్మీద నీరసంగా కూర్చుని ఉంది.

“నెవ్, నా గుండె దడదడలాడుతోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.”

నెవిల్ చొక్కా తిరగేసి తొడుక్కుని కారు తీశాడు.

“ఎన్నాళ్ళుగా ఉంది?”

“చాలా వారాలయింది.”

“మొదటిరోజే చెప్పొద్దూ! మొగుడి దగ్గర దాచే సంగతా ఇది?”

“నిజమే. దాచేవాళ్ళకి బుద్ధుండదు.”

“బుద్ధే కాదు, ఇంట్లోవాళ్ళ మీద జాలి కూడా ఉండదు!”

రేలీన్ కిటికీ వైపు తిరిగింది. “ఇక్కడే రేవు దగ్గర ఆపు. పైన కారు పెట్టడానికి చోటుండదు.”

క్లినిక్ కొండ మధ్యలో ఉంది. నాలుగడుగులు వేసి రేలీన్ అతని మెడ చుట్టూ చెయ్యేసి వేలాడింది. “త్వరగా నెవ్, త్వరగా,” అంటూనే ఉంది. ఆమె చిన్న మనిషేమీ కాదు. సగం మోసి, సగం ఈడ్చి, నెవిల్ ఆ ఎత్తంతా ఎక్కించాడు. లోపల కుర్చీలో కూలబడ్డాడో లేదో, అతని గుండె మళ్ళీ వలలో చేపయింది.

“నెవిల్ ట్యాప్‌స్కాట్!” అని పిలిచింది నర్సు.

“నా పేరెందుకు? గుండెదడ ఈవిడకి...”

రేలీన్ నిటారుగా లేచి నిలబడింది. “పద నెవ్. నీ దడ ఆగిపోకముందే పద.”

“మరి నీ గుండెదడ?”

“నువ్వు మెట్లమీద గుండె పట్టుకున్న రోజునించీ అది కొట్టుకుంటూనే ఉంది. అబద్ధం చెప్పలేదు.” “కోలిన్ కూడా అరగలేదనే అన్నాడు, నెవ్.”

నెవిల్ లేచి నర్సు వెంట నడిచాడు. లోపల ఛాతీకి వైర్లు అతికించారు. డాక్టర్ మెక్‌ఫీ యంత్రం గీసిన గీతలు చాలాసేపు చూసింది.

“దడ ఉన్నప్పుడే రమ్మన్నాను గానీ, కొండెక్కించి తెప్పించమన్లేదు రేలీన్. ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి.” ఆపైన నెవిల్ వైపు తిరిగింది. “శ్రమ చేశాక ఒకటీ అరా దెబ్బ తప్పడం చాలామందికి మామూలే. ఇది అలాంటిది కాదు. గుండె పై గదులు కొట్టుకోవడం మాని వణుకుతున్నాయి. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి చేరితే ప్రమాదం.”

“ఎందుకొచ్చింది డాక్టరుగారూ?”

“కాఫీ, మద్యం, నీళ్ళూ లవణాలూ తగ్గడం, నిద్రలేమి, ఏదైనా కావచ్చు. థైరాయిడ్, రక్తపోటు, గుండె రక్తనాళాలు చూడాలి. ఈ వయసులో అతిగా కొండలు తొక్కినా వస్తుంది. గురక పెడతారా?”

“లేదు,” అన్నాడు నెవిల్.

“పైకప్పు రేకులనడగండి,” అంది రేలీన్. “మధ్యలో ఊపిరాగిపోతుంది కూడా. నేనే మోచేత్తో పొడిచి లేపుతుంటాను.”

“అదీ ఒక కారణమే.”

తప్పించుకోవడానికి తను చెప్పినవే చాలావరకు అసలు కారణాలు కావచ్చని తెలిసేసరికి నెవిల్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. చొక్కా తిరగేసి ఉందని కూడా అప్పుడే చూసుకున్నాడు.

మాత్రలు వచ్చాయి, పరీక్షలు జరిగాయి, నిద్రలో ఊపిరాగకుండా మొహానికి గాలి గొట్టం తగిలించుకుని పడుకోవడం అలవాటైంది. చాలా రోజుల తరవాత డాక్టరు సైకిలుకి ఒప్పుకుంది. కొండలు వద్దు, సముద్రం పక్క చదును బాట మీదే తొక్కాలి. అదీ ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత మెల్లగా.

“లాఫ్టీ కొండలు వదిలి రాడు. ఒక్కణ్ణీ ఎవరితో మాట్లాడను?” అన్నాడు నెవిల్, కొండలకి ఒప్పుకుంటుందేమోనని కాస్త ఆశగా.

ఇంటికొచ్చేసరికి వరండాలో రేలీన్ తనకోసం కొనుక్కున్న సైకిలు నిలబడి ఉంది.

మొదటిరోజు బాటమీద ఎదురుగాలి కొట్టింది.

“మాట్లాడు, నెవ్.”

“ఏం మాట్లాడను?”

“నీకెలా ఉందో చెప్పు. ‘బానే ఉంది’ అన్నావంటే ఇక్కడే దిగిపోతాను.”

నెవిల్ సముద్రం వైపు చూశాడు.

“భయంగా ఉంది రేలీన్.”

ఆమె వేగం తగ్గించి అతని పక్కకొచ్చింది.

“నాకూ అంతే,” అంది. “ఇంకా చెప్పు.”