గొంతులో గుండీ, ఫారంలో హక్కులు

రోగి అన్నవాడికి హక్కులు ముందు, రోగం తరువాత. ఈ మహాసత్యాన్ని కనిపెట్టిన ఘనత అత్యవసర వైద్య హక్కుల అమలు సంఘానిది. (సభ్యులు పదకొండుగురు. అందరూ ఆరోగ్యవంతులే.) అంతకుముందు ఊళ్లోని పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో మనిషి రాగానే హడావిడిగా వైద్యం చేసేసేవారట. తమ హక్కులేమిటో తెలియకుండానే పాపం ఎందరో బతికి బయటపడ్డారు.

ఈ అనాచారం అంతమైన మూడో వారంలో ఒక టైలరు గొంతుకు గుండీ అడ్డం పడింది.

గుండీలు కుట్టేటప్పుడు నాలుగైదింటిని పెదాల మధ్య పెట్టుకోవడం అతనికి ముప్పై ఏళ్ల అలవాటు. ఆ పూట దుకాణానికి వచ్చిన బావమరిది, "బావా, నువ్వు కుట్టిన ప్యాంటు వేసుకుని కూర్చోవాలంటే ముహూర్తం చూసుకోవాల్సొస్తోంది" అన్నాడు. టైలరుకు నవ్వొచ్చింది. నాలుగు గుండీలు బల్ల మీద పడ్డాయి, అయిదోది లోపలికి పోయింది. దానికి నాలుగు చిల్లులు ఉండబట్టి ప్రాణం నిలిచింది కానీ, ఊపిరి పీల్చినప్పుడల్లా కుక్కరులా విజిల్ వేస్తున్నాడు. భార్య అతన్ని బండెక్కించి తీసుకొచ్చింది.

లోపల డాక్టరమ్మ పొడవాటి పటకారు పట్టుకుని సిద్ధంగానే ఉంది. ఆమెకూ మంచానికీ మధ్య నేల మీద పసుప్పచ్చ గీత ఉంది. హక్కులు చదవడం పూర్తికానిదే వైద్యులు ఆ గీత దాటరాదు. (నిబంధన ఆరు. కాలి బొటనవేలు దాటినా దాటినట్టే.)

హక్కుల అధికారి కళ్లజోడు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు. అంత హాయిగా సవరించుకోవడం చూసి టైలరుకు అసూయ పుట్టింది.

"ఒకటో హక్కు. తన హక్కులేమిటో తెలుసుకునే హక్కు. అర్థమైందా? నోటితో చెప్పాలండీ."

టైలరు విజిల్ వేశాడు.

"అర్థమైందంటున్నారు సార్," అంది భార్య.

"మీరు చెప్పకూడదమ్మా. రోగి తరఫున బంధువులు అర్థం చేసుకోరాదు."

"తల ఊపుతున్నారు కదండీ."

"తల ఊపడానికి ఫారంలో గడి లేదమ్మా."

"పోనీ, రాసిస్తారు."

"చదువు రానివాళ్లకు అన్యాయం జరుగుతుందని రాయడం తీసేశారు." అధికారి గొంతులో నిజంగానే జాలి ఉంది. మనిషి చెడ్డవాడు కాదు.

ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. "అమ్మా, మీరైనా చెప్పండి."

"నేను రెడీగానే ఉన్నానమ్మా. పోయినవారం ఒకాయన కాలు విరిగి వస్తే చూడలేక గీత దాటాను. దానికి సంజాయిషీ ఇంకా రాస్తూనే ఉన్నాను."

"వెంటనే వైద్యం చేయించుకునే హక్కు లేదా ఈయనకి?"

"ఎందుకు లేదమ్మా," అన్నాడు అధికారి నొచ్చుకుని. "పదిహేడోది. వరసలో వస్తుంది. ఆయనకి ఒకటోదే అర్థమైనట్టు లేదు, మళ్లీ చదువుతాను."

రెండోసారి చదివాడు. మూడోసారి నిదానంగా చదివాడు. ఈలోగా గుండీ కాస్త పక్కకు తిరిగింది. రెండు చిల్లులు మూసుకుపోయి విజిల్ సన్నబడింది. టైలరుకు చావు భయం పట్టుకుంది. తన చేత్తో ఏరి తెచ్చుకున్న గుండీకే బలైపోతున్నానే అనుకున్నాడు. భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"బాధను వ్యక్తం చేసే హక్కు పన్నెండోదండీ," అన్నాడు అధికారి మెల్లగా. "తొందరపడుతున్నారు."

అయిదోసారి "ఒకటో హక్కు" అనేసరికి టైలరుకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లలో ఒక్క గిరాకీ మీద కూడా గొంతెత్తని మనిషి, మంచం మీద లేచి కూర్చుని, ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టుకుని, "అర్థమైందయ్యా బాబూ" అని అరిచాడు. ఆ అరుపుతో పాటు గుండీ ఎగిరొచ్చి ఫారం మీద పడింది.

భార్య అతన్ని పట్టుకుని బావురుమంది. అధికారి గుండీని పక్కకు జరిపి, దాని కిందున్న గడిలో టిక్కు పెట్టాడు. మిగిలిన పదహారూ టైలరు గడగడా ఒప్పేసుకున్నాడు. అప్పుడు డాక్టరమ్మ గీత దాటి వచ్చి, అతని నోట్లోకి చూసి, చేసేదేమీ లేదంది.

అధికారి నివేదికలో ఉన్నదున్నట్టు రాశాడు: హక్కులు చదివి వినిపించగా రోగికి నయమైంది, మందులు వాడలేదు. సంఘంలో పదకొండుగురూ అది చదివి ఎంతో సంతోషించారు. మరుసటి నెల నుంచి ఆ విభాగానికి చదివేవాళ్లను ఇంకో ఇద్దర్ని వేశారు. డాక్టరమ్మతో ఇక పనిలేదు కనుక బదిలీ చేశారు.