గోడ మీంచి నేర్చుకున్న ఐస్‌క్రీం

అబ్రహాము చేసే ఐస్‌క్రీం బాగుండదు. శౌరమ్మ మాత్రం బాగుందని చెప్పి పోయింది. ఇశ్రాయేలు కట్టుకున్న భార్య, తన చివరి వేసవిలో, పక్కింటివాడి కప్పు చేత పట్టుకుని ఆ మాట అంది. పోయిన మనిషితో వాదన కుదరదు గనక ఇశ్రాయేలు ఆ కక్ష అబ్రహాము మీద పెట్టుకున్నాడు.

ఏటా మే నెలాఖరున మరియమాత పండుగకు గుడి ఆవరణలో విందు. ఏటా అబ్రహాము ఐస్‌క్రీం, ఏటా అవే పొగడ్తలు. శౌరమ్మ పోయిన ఏడేళ్లకు, 1974లో, ఇశ్రాయేలు వన్ టౌన్ బజారుకు వెళ్లి, పాతసామాన్ల కొట్లో ఐస్‌క్రీం తిప్పే చెక్క బకెట్టు కొన్నాడు. మధ్యలో డబ్బా, పైన చేత్తో తిప్పే పిడి. తను చేసింది తిని నలుగురూ మెచ్చుకుంటే శౌరమ్మ మాట చెల్లకుండా పోతుంది.

ఎలా చెయ్యాలో అబ్రహామును అడగడం కన్నా చావడం నయం. పండుగ పొద్దున స్టూలెక్కి గోడ మీంచి చూశాడు. అబ్రహాము బకెట్టులోకి దోసిళ్లతో రాళ్ల ఉప్పు పోస్తున్నాడు. అది డబ్బాలోని పాలలోకి కాదు, అవి గడ్డకట్టేందుకు చుట్టూ ఉన్న ఐసులోకి పోతోందని గోడ ఇవతలికి కనబడలేదు.

"ఉప్పు పెట్టి మా ఆవిణ్ని మాయచేశాడన్నమాట," అనుకుంటూ ఇశ్రాయేలు స్టూలు దిగాడు.

కాచి చల్లార్చిన పాలలో పంచదార చిటికెడు, ఉప్పు దోసెడు పోసి గంటసేపు తిప్పాడు. గడ్డకట్టలేదు.

"అన్నయ్యా, ఇది ఇంకా నీళ్లలాగే ఉంది," అంది చెల్లెలు మణెమ్మ.

"ఉప్పు చాల్లేదు."

ఇంకో గుప్పెడు వేశాడు. మణెమ్మ వేలు ముంచి నాకి, కొంగుతో నాలుక తుడుచుకుంది. "కాస్త నిమ్మకాయన్నా పిండు. ఉప్పు విరుగుతుంది."

ఉప్పు విరగలేదు, పాలు విరిగాయి. కంగారులో అతను డబ్బా చుట్టూ ఉన్న ఐసునంతా తీసి లోపలే పడేశాడు. ఇంకో గంట తిప్పాడు. ఐసు కరిగి డబ్బా అంచుదాకా వచ్చింది.

పారబోద్దామంటే, తనూ తెస్తున్నానని ఫాదర్ గారితో ముందే చెప్పి ఉన్నాడు. రిక్షాలో గుడికి తీసుకెళ్లి, వంటపాక వెనక దాచబోయాడు. అక్కడ పెత్తనం చేస్తున్న తెరేసమ్మ ఎదురొచ్చి మూత తీసింది.

"మజ్జిగా? ఊరేగింపులో జనం ఎండకి సొమ్మసిల్లుతున్నారు. సమయానికి తెచ్చారు అన్నయ్యగారూ."

"అది మజ్జిగ కాదమ్మా..."

"మా దగ్గర మొహమాటాలెందుకండీ," అని ఆవిడ నాలుగు పచ్చిమిరపకాయలు, కరివేపాకు నలిపి వేసింది.

పావుగంటలో డబ్బా ఖాళీ. ఫాదర్ గారు మూడు గ్లాసులు తాగారు. పొట్టలు నిండి ఐస్‌క్రీం వైపు ఎవరూ రాలేదు. అబ్రహాము కప్పుల్లో పెట్టింది పెట్టినట్టే కరిగిపోయింది.

అందరూ వెళ్లాక అబ్రహాము వచ్చి పక్కన కూర్చున్నాడు. అతని మొహం మాడిపోయి ఉంది.

"బావా, ఇన్నేళ్లు ఇరుగుపొరుగున ఉన్నాం. ఆ మజ్జిగలో ఏం కలిపావో చెప్పవూ?"

ఆ కళ్లలోని అసూయను ఇశ్రాయేలు వెంటనే గుర్తుపట్టాడు. ఏడేళ్లుగా అద్దంలో చూస్తున్నదే. ఆ క్షణం కోసమే ఇన్నాళ్లూ బతికాడు. తీరా అది వచ్చాక, తను చేసింది ఐస్‌క్రీం కాదు, మజ్జిగేనని ఒప్పుకుంటే తప్ప అనుభవించడానికి లేదు.

"చెప్పను. ఇంకెప్పుడూ ఈ మాట నా దగ్గర ఎత్తకు," అని లేచాడు.

వంటకం గుట్టు ప్రాణం పోయినా చెప్పని పిసినారి అని అతనికి పేరొచ్చింది. ఆ పేరు గురించి కూడా ఇశ్రాయేలు ఎన్నడూ మాట్లాడలేదు.