వెళ్లొచ్చినవాళ్ల మాట చెల్లదు

ఒక జాతి ఎంత నాగరికమైందో చెప్పడానికి ఒకే ఒక కొలబద్ద ఉంది. సరదా పడాలా వద్దా అని ఆ జాతి ఎంతకాలం ఆలోచించగలదు అన్నదే అది. ఆటవికుడు వాగు కనపడగానే బట్టలు విప్పి దూకేశాడు. దూకే ముందు నలుగురినీ అడిగి, లోతుకు ఎన్ని స్టార్లు, చల్లదనానికి ఎన్ని స్టార్లు వచ్చాయో చూసి, ఒడ్డున కాసేపు నిలబడి, పొడి ఒళ్లు తుడుచుకుని ఇంటికొచ్చినవాడు నాగరికుడు. ఈ లెక్కన మన పరిశీలనగారి తర్వాత నాగరికత ఇంక ఎదగడానికి ఏమీ మిగల్లేదు.

పరిశీలనగారు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆయన ఒక పెద్ద ఆఫీసులో తులనాత్మక కొనుగోళ్ల విభాగానికి అధికారి. ఆఫీసు గుండుసూది కొనాలన్నా మూడు చోట్ల అడిగి, మూడింటినీ పక్కపక్కన పెట్టి, కొనాలో అక్కర్లేదో తేల్చడం ఆ విభాగం పని. తన బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితం మీదా ఆయన 'పరిశీలనలో ఉంది' అని రాస్తారు. ఆ రాతే పేరై కూర్చుంది. ఒక ఎండాకాలం మొదట్లో రెండో అంతస్తువాళ్లు ఫ్యాన్లు కావాలని అర్జీ పెట్టుకున్నారు. ఆయన రెక్కల పొడవులు పోల్చారు, చప్పుళ్లు పోల్చారు, గాలిని గాలితో పోల్చారు. తొలి వాన పడ్డ రోజున 'ఎండలు తగ్గినందున అవసరం తీరినది, ఫైలు ముగించడమైనది' అని సంతకం చేశారు. ఆఫీసుకు అంత ఖర్చు తప్పించినందుకు ప్రమోషన్ వచ్చింది. (రెండో అంతస్తువాళ్లకు వడదెబ్బ వచ్చింది. అది వేరే విభాగం.)

అలాంటి మనిషి ఇంట్లో, ఒకరోజు భోజనాల దగ్గర, రెండో తరగతి చదివే ఆయన కూతురు ఊరి చివర కొత్తగా పెట్టిన సినిమా పార్కుకు వెళ్దామంది. ఈ పిల్లను ఇంటా బయటా గడుగ్గాయి అనే పిలుస్తారు. సినిమాల్లో కనపడేవన్నీ అక్కడున్నాయట. అట్టలతో కట్టిన రాజమహలు, మీట నొక్కితే కురిసే వాన, ఎవరికీ గీసుకోకుండా పగిలే అద్దాలు, కదలకుండానే వెళ్లిపోయే రైలు.

"రైలుందా?" అంది పరిశీలనగారి తల్లి, నోటి దగ్గరికి వెళ్లిన ముద్ద ఆపి.

"ఒక్క పెట్టే ఉంటుంది నానమ్మా. మనం కిటికీ దగ్గర కూర్చోవాలి. వెనకాల పెద్ద తెర మీద చెట్లూ కొండలూ పరిగెడతాయి. ఫ్యాన్ పెడతారు, జుట్టంతా ఎగురుతుంది. మనవాళ్లేమో ప్లాట్‌ఫాం మీద చెయ్యి ఊపుతూ పరిగెత్తాలి."

పెద్దావిడ ముద్దను కంచంలో పెట్టేసింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నన్ను ఆ రైలు ఎక్కించరా" అంది. "ఇన్నేళ్లూ గుమ్మంలో నిలబడి అందరికీ నేనే చెయ్యి ఊపాను. మీ నాన్న ఉద్యోగానికి, నువ్వు బడికి, ఇప్పుడు ఇది బడికి. ఒక్కసారి నేను వెళ్తుంటే నాకెవరైనా ఊపితే ఎలా ఉంటుందో చూడాలనుంది. మోకాళ్లు పనిచేస్తుండగానే తీసుకెళ్లు."

పరిశీలనగారికి తల్లంటే ప్రాణం. ఈ ఒక్క విషయం మీద ఆయన ఎన్నడూ మూడు చోట్ల అడగలేదు. అందుకే అమ్మ కోరికను ఆషామాషీగా తీసుకోదలచుకోలేదు. "చూద్దాం" అన్నారు. (చూద్దాం అని చెప్పినవాడు చూడటానికి వెళ్లినట్టు చరిత్రలో ఎక్కడా లేదు.)

ఆ ఆదివారమే గృహ విహార నిర్ణాయక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు పరిశీలనగారు. సభ్యులు ఆయన తల్లి, ఆయన భార్య. గడుగ్గాయి పరిశీలకురాలు మాత్రమే. ఓటు లేదు గానీ ఏడ్చే హక్కు ఉంది, దాన్ని మొదటి సమావేశంలోనే పూర్తిగా వాడుకుంది.

"మా ల్యాబులో రిసెప్షన్ అమ్మాయి పోయినవారమే వెళ్లొచ్చిందండీ. చాలా బాగుందంట" అంది భార్య.

"ఆ అమ్మాయి మాట చెల్లదు."

"ఎందుకు చెల్లదు?"

"టికెట్ కొంది కదా! డబ్బు పెట్టినవాళ్లు బాగుందనే అంటారు. లేకపోతే వాళ్ల తెలివి బయటపడిపోతుంది. పోనీ బాగాలేదన్నారనుకో, డబ్బు పోయిందన్న కడుపుమంటతో అంటారు. ఎటు చూసినా పక్షపాతమే."

"మరి ఎవర్ని అడుగుతారు?"

"వెళ్లనివాళ్లని. వాళ్లకి ఆ పార్కుతో ఏ లావాదేవీ ఉండదు. ఉన్నదున్నట్టు చెప్తారు."

ఆయన భార్య రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. రోజూ ఎందరి చేతులో పట్టుకుని, నరం దొరకగానే సూది గుచ్చేస్తుంది. గుచ్చాలా వద్దా మూడు చోట్ల కనుక్కుని రమ్మని ఇంతవరకు ఎవర్నీ పంపలేదు. ఆవిడ మొగుడి వంక తేరిపార చూసి, టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. సంఘం రికార్డులో 'ఏకగ్రీవం' అని నమోదైంది.

నిబంధన ప్రకారం మొదటి అభిప్రాయం ఎదురింటి రిటైర్డ్ తూనికల ఇన్‌స్పెక్టరు గారిది. ఉద్యోగం విరమించిన నాటి నుంచి వీధి మలుపు దాటి ఎరగరు. కాబట్టి ఏ ప్రదేశం గురించైనా నిష్పక్షపాతంగా మాట్లాడగల అర్హత సంపాదించుకున్నారు.

"అంతా అట్టలండీ" అన్నారాయన, పేపరు మీంచి తల ఎత్తకుండానే.

"మీరు చూశారా?"

"చూడాల్సిన పనేముంది? చూసొచ్చినవాళ్ల మొహాలు చూస్తే తెలియట్లా, ఒకటే నవ్వులు."

ఇది పరిశీలనగారికి బలమైన సాక్ష్యంగా తోచింది. ఆ తర్వాత పార్కులకు స్టార్లిచ్చే యాప్ తెరిచారు. అక్కడొకరు ఒకే ఒక్క స్టారిచ్చి, 'పార్కు అద్భుతం, తిరిగొచ్చేటప్పుడు మా బావమరిదితో గొడవైంది' అని రాశారు. ఇంకొకరు ఐదు స్టార్లిచ్చి, 'మేం వెళ్లిన రోజు సెలవు, గేటు బాగుంది' అన్నారు. మూడో ఆయన, 'ఇంకా వెళ్లలేదు, వెళ్తే తప్పకుండా రాస్తాను' అని మూడు స్టార్లు ముందుగానే కట్టేశాడు. పరిశీలనగారికి ఈ మూడో ఆయన మీద ఎంతో గౌరవం కలిగింది.

అయినా అనుమానం తీరక పార్కు వాళ్లకే ఫోన్ చేశారు. టికెట్ల కోసం ఒకటి, తప్పిపోయిన పిల్లల కోసం రెండు, సరదా గురించిన సందేహాలకు మూడు నొక్కమంది గొంతు. మూడు నొక్కి, చాలాసేపు పాట విన్నాక, ఆనంద నిర్ధారణ అధికారి లైన్లోకి వచ్చాడు.

"మీ పార్కు చూడదగ్గదేనా?" అని అడిగారు పరిశీలనగారు.

"వస్తే తెలుస్తుంది సార్."

"తెలిస్తే వస్తాను."

అవతలివైపు మళ్లీ పాట మొదలైంది. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు. ఇద్దరూ చాలాకాలం ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు.

ఇలా నెలలు గడిచాయి. ఎండలు మండుతున్నాయని మొదట వాయిదా పడింది. తర్వాత వానలొచ్చాయి. (పార్కులో ఎలాగూ వాన కురిపిస్తారు కదా నాన్నా అని గడుగ్గాయి ఎత్తిచూపింది. పరిశీలకులకు మాట్లాడే హక్కు లేదని అధ్యక్షులు గుర్తుచేశారు.) బడి సెలవుల్లో జనం విరగబడతారని ఆగారు. సెలవులు అయ్యాక పార్కు ఖాళీగా ఉందని తెలిసింది. మంచిదైతే ఖాళీగా ఎందుకుంటుందని మళ్లీ ఆగారు.

పెద్దావిడ మోకాళ్లు మాత్రం ఏ వాయిదాకీ ఒప్పుకోలేదు. ముందు మేడ మీదికి వెళ్లడం మానేసింది. తర్వాత గోడ పట్టుకుని నడవడం మొదలైంది. డాక్టరు ఎక్స్‌రే చూసి ఆపరేషన్ తప్పదన్నాడు. ఆ తర్వాత ఎత్తు మెట్ల సంగతి మర్చిపొమ్మన్నాడు. రైలు పెట్టెకున్న మెట్లు బాగా ఎత్తని సంఘం దగ్గర పక్కా సమాచారం ఉంది.

"తాడోపేడో తేల్చరా నాయనా" అంది ఆవిడ ఆ సాయంత్రం.

"ఆఖరి దశలో ఉందమ్మా. ఇంక వీడియోలే మిగిలాయి" అన్నారు పరిశీలనగారు.

వీడియోలు తీసినవాళ్లు వెళ్లొచ్చినవాళ్లే కదా, వాళ్ల మాట ఎలా చెల్లుతుందని భార్య అడిగింది. మాట వినకుండా బొమ్మ మాత్రం చూస్తానని ఆయన నిబంధనను సవరించారు. ఆ మరుసటి ఆదివారం నుంచి గదిలో కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి చూడసాగారు. క్యూ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ కుళాయిలో నీళ్లు రావో, రాజమహలు వెనకాల ఏ కుర్చీ కాలు విరిగిందో అన్నీ కంఠతా వచ్చేశాయి. ఆ పార్కులో కళ్లు మూసుకుని తిరగగలరు. కళ్లు తెరిచి తిరగడం ఒక్కటే మిగిలింది.

విచిత్రమేమిటంటే, సరిగ్గా అప్పటినుంచే ఇంట్లో పోరు ఆగిపోయింది. తల్లి అడగటం మానేసింది, భార్య దెప్పడం మానేసింది, గడుగ్గాయి ఏడవడం మానేసింది. సభ్యుల సహకారం మెరుగుపడిందని ఆయన సంతోషంగా రాసుకున్నారు. ఆదివారాలు ముగ్గురూ పొద్దున్నే తయారై భార్య తరపు పిన్నిగారింటికని వెళ్లొస్తున్నారు. పెద్దావిడ కుంటుతూ వచ్చి మంచమెక్కుతుంది గానీ, పడుకుని కూనిరాగం తీస్తుంది.

"చేతి మీద ఆ నీలం ముద్ర ఏంటే?" అని అడిగారొకసారి కూతుర్ని.

"బళ్లో గుడ్ వేశారు నాన్నా."

"ఆదివారం నాడా?"

"స్పెషల్ క్లాసు" అంది భార్య, లోపల్నుంచి. పెద్దావిడ తన చెయ్యి దిండు కిందికి తోసేసింది. బడివాళ్లు ఆదివారాలు కూడా ఇంత శ్రద్ధగా పనిచేస్తున్నందుకు పరిశీలనగారికి ముచ్చటేసింది.

ఆపరేషన్‌కి ముందొచ్చిన ఆదివారం, మధ్యాహ్నం. పక్కగదిలో ముగ్గురూ నిద్రపోతున్నారు. పరిశీలనగారు కొత్త వీడియో ఒకటి పెట్టుకున్నారు. బొమ్మ మాత్రమే చూడాలన్న సవరణను మర్చిపోయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు.

"ఫ్రెండ్స్, ఈ పార్కుకి రావచ్చా, రాకూడదా? చివరిదాకా చూడండి, మీకే తెలుస్తుంది" అంటూ ఓ కుర్రాడు మైకు పట్టుకుని రైలు పెట్టె దగ్గరికొచ్చాడు. కిటికీలో కూర్చున్న పెద్దావిడను పలకరించాడు. "మామ్మగారూ, ఎలా ఉంది?"

"పోయినసారి కంటే ఇవాళ గాలి బాగా పెట్టారు బాబూ" అంది పరిశీలనగారి తల్లి.

"రెండోసారా! ఎవరెవరొచ్చారేంటి?"

"ఇంటిల్లిపాదీ వచ్చాం" అని ప్లాట్‌ఫాం వైపు చూపించింది. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగుకు సిద్ధంగా నిలబడి ఉంది. గడుగ్గాయి ఈల మోగకముందే పరిగెత్తేసింది.

పరిశీలనగారు వెనక్కి జరిపి మళ్లీ చూశారు. మళ్లీ జరిపి ఇంకోసారి చూశారు. ఏ విషయానికైనా మూడు ఆధారాలు ఉండాలి. మూడుసార్లూ ఆవిడ ఇంటిల్లిపాదీ అనే అంది.

మూడోసారి ఆపకుండా చివరిదాకా చూశారు. ఈల మోగింది. చెట్లూ కొండలూ వెనక్కి పరిగెత్తాయి. అమ్మ తెల్లజుట్టు ఎగిరి మొహం మీద పడింది. ఆ నవ్వు ఆయన పుట్టాక ఎన్నడూ చూసింది కాదు. అమ్మ ఒకసారి కెమెరా వైపు తిరిగి చెయ్యి ఊపింది. పరిశీలనగారి కుడిచెయ్యి, ఎవరి అభిప్రాయమూ అడక్కుండా, దానంతటది లేచి ఫోనుకేసి ఊగింది.

సాయంత్రం టీ దగ్గర సంఘం సమావేశమైంది.

"మొత్తానికి తేలిపోయింది" అన్నారు అధ్యక్షులు, ఎవరి మొహమూ చూడకుండా. "వెళ్లొచ్చు. బాగుంటుంది. అందరం కలిసి వెళ్దాం."

"మళ్లీనా?" అంది గడుగ్గాయి.

నోరు మూయించడానికి భార్య బల్ల కింద కాలు తొక్కింది. తొక్కింది పరిశీలనగారి కాలు. మళ్లీ ఏంటని ఆయన అడగలేదు. అప్పుడు ముగ్గురికీ సంగతి అర్థమైంది.

"బుధవారం నా ఆపరేషన్ కదరా" అంది తల్లి మెల్లిగా. "ఆ తర్వాత నాకు మెట్లు లేవన్నాడుగా డాక్టరు."

ఆయన కప్పులోకి చూస్తూ కూర్చున్నారు.

"నీ మీద కోపంతో కాదురా. నువ్వు తేల్చేలోపు మోకాళ్లు పోతాయేమోనని భయమేసింది, అంతే. నిన్నూ పిలుద్దామని గది దాకా వచ్చాను, రెండుసార్లూ వచ్చాను. ఆ పార్కే చూస్తున్నావు. అంత శ్రద్ధగా చూస్తుంటే మధ్యలో పిలవడమెందుకని వెనక్కొచ్చేశా."

"ఎలా ఉందమ్మా... రైలు?" అని అడిగారు పరిశీలనగారు. వెళ్లొచ్చినవాళ్లను ఆయన ఒక ప్రశ్న అడగడం ఇదే మొదలు.

పెద్దావిడ ఉత్సాహంగా చెప్పబోయి, కోడలి మొహం చూసి నవ్వేసింది. "నన్నడిగితే ఏం లాభంరా? నా మాట చెల్లదుగా."

సమావేశం ముగిసింది. కప్పులు వంటింట్లోకి వెళ్లాయి. పరిశీలనగారు ఒక్కరే కూర్చుని, సంఘం రికార్డు తెరిచి, అలవాటు కొద్దీ 'అవసరం తీరినది' అని రాయబోయి, ఎవరి అవసరమో తేలక కొట్టేశారు. కింద 'కుటుంబాలకు అనుకూలమా?' అన్న గడి ఒకటి ఇంకా ఖాళీగా ఉంది. దాన్ని నిబంధనల ప్రకారం, ఎలాంటి పక్షపాతమూ లేకుండా నింపి సంతకం పెట్టారు.

'ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చారు. అధ్యక్షుడు పరిశీలనలో ఉన్నాడు.'