పంచదార డబ్బా విమోచనము

ముందుగా విద్యుత్తునకు నమస్కారము. ఈ కథ ముగియు వరకైనను పోవలదని ప్రార్థన. పిమ్మట చార్జరు తీగకు, వదులైన దాని ప్లగ్గునకు, ఆ ప్లగ్గును గోడలో బిగబట్టి నిలుపుచున్న మడిచిన కాగితపు ముక్కకు వేర్వేరుగా నమస్కారములు. వీరి అనుగ్రహము లేనిదే ఈ కాలమున ఏ వీరుడును పట్టుమని పది నిముషములు పోరలేడు.

అది శనివారము, మిట్టమధ్యాహ్నము. ప్రచండమార్తాండుడు మేడల మీది నీళ్ళట్యాంకులను మరిగించుచు, పిట్టగోడలపై ఆరవేసిన దుప్పట్లను అట్టముక్కలవలె బిగియించుచు, వీధికుక్కలను ఆగియున్న కార్ల క్రిందికి తరుముచు విజృంభించుచున్న వేళ, లిఫ్టు లేని ఒకానొక మేడలో, మూడవ అంతస్తున, లిఫ్టు మెకానిక్కు కాపురముండు వాటాలో, భోజనపు బల్లపై ఒక వృద్ధ లాప్‌టాప్పు ప్రాణములు విడుచుటకు ప్రయత్నించుచుండెను. కొన్ని నెలలుగా అది అదే ప్రయత్నములో ఉన్నది.

దాని ముందు కూర్చున్న త్వరితాంగుళి, అక్షరాస్త్రప్రయోగనిపుణ, హెడ్‌ఫోన్‌కవచధారిణి ఆ ఇంటి కోడలు. వీడియో పాఠములలో మాస్టర్లు పలుకు ప్రతి పలుకును విని, వినలేని పిల్లల కొరకు తెర అడుగున అక్షరములుగా పేర్చుట ఆమె వృత్తి. ఆమె కెదురుగా, అరచేయి బల్లపై ఆనించి, కదలక మెదలక కూర్చున్నది అత్తగారు. నడివయసులో ఆమెకు వినికిడి సాంతము పోయినది. మాట మాత్రము చెక్కుచెదరలేదు. టీవీలోని మనుషులందరును ఆమెకు ఊరక నోళ్ళు కదుపు బొమ్మలైపోయిన నాడు, కోడలు ఆమె కోసమని ఒక కార్యక్రమమునకు మాటలు టైపు చేసి చూపించెను. ఆ ముచ్చటయే తరువాత వృత్తియైనది. ఆ పని యనిన కోడలికి ప్రాణము.

ఇప్పుడు అరచేతి సంగతి. ఆ లాప్‌టాప్పు వేడెక్కి ఆరిపోవుటకు ముందు దాని లోపలి ఫ్యాను గిజగిజలాడును. హెడ్‌ఫోన్లు పెట్టుకొన్న కోడలికి ఆ చప్పుడు వినబడదు. అత్తగారికి ఏ చప్పుడును వినబడదు. కాని బల్ల వణకును. ఆ వణుకు అత్తగారి అరచేతికి అందును. అందిన తక్షణమే ఆమె బల్లపై రెండు తట్లు తట్టును. తట్టిన మరుక్షణమే కోడలి వ్రేళ్ళు, మెదడును సంప్రదింపకయే, ఫైలును సేవ్ చేయును. తనంతట తానే సేవ్ చేసుకొను సదుపాయము లేదా యని అడుగు బుద్ధిమంతులకు మనవి: ఆ సదుపాయమును ఆన్ చేసినచో ఆ శ్రమకే అది మూర్ఛిల్లెడిది.

మూత సంగతి ఇంకను ఘోరము. కీలు విరిగిన ఆ తెర వెనుకకు వాలిపోవును గనుక, దానికి వెన్నుదన్నుగా వంటింటి పంచదార డబ్బాను నిలిపిరి. పుస్తకములు జారినవి, ఇటుక ఎత్తు చాలలేదు, నిండుగానున్న పంచదార డబ్బా మాత్రము అచ్చు గ్రుద్దినట్లు సరిపోయెను. అది కదలినచో తెర కదలును గనుక, కోడలు పనిలోనున్నంతసేపు ఆ ఇంట అందరును చప్పని టీ త్రాగుచుండిరి. ఇంకొక డబ్బా కొనవచ్చును గదా యందురేమో. ఎలాగూ ఈ వారములో కొత్త లాప్‌టాప్పు వచ్చుచున్నప్పుడు రెండవ డబ్బా దేనికని వారి వాదము. ఆ వారము నెలల తరబడి సాగినది.

సాగించినవాడు మరిది. ఇంట అందరును ఇతనిని ‘రివ్యూ’ అని పిలుతురు. ఉద్యోగము నుండి వచ్చినది మొదలు నిద్రపోవు వరకు లాప్‌టాప్పుల గుణదోషవిచారణలను ఫోనులో చూచుటయే ఇతని తపస్సు. ఏది కొందమన్నను, “వచ్చే నెల ఇంతకన్నా మంచిది వస్తోంది వదినా, తొందరపడకు” అని అడ్డుపడెడివాడు. వచ్చే నెల వచ్చును, మంచిదియు వచ్చును, దానికన్న మంచిది ఆపై నెలకు జరుగును. ఇట్టి సలహాదారు ఒక్కడున్న చాలును, శత్రువులతో పని లేదు.

అయితే ఆ ఉదయమే, పని పంపు సూపర్‌వైజరమ్మ ఫోను చేసెను. గడచిన పాఠములు ఆలస్యముగా చేరినవి. సోమవారము నుండి సైన్సు పాఠములు మొదలగును.

“మీరు బాగా రాస్తారు, కాదనను. కానీ ఈసారి కూడా ఫైలు టైముకి రాకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేయాల్సొస్తుందమ్మా. పిల్లలు ఖాళీ తెర చూస్తూ కూర్చోలేరు కదా.”

ఆ చివరి మాట కోడలిని నిలువునా కోసెను. మాటలు లేని తెరను చూచుచు కూర్చున్న మనిషి ముఖము ఎట్లుండునో ఆమె ఎరుగును. ఆ ముఖము ఆమె కెదురుగా, ఆ బల్ల దగ్గరనే ఉండెడిది. ఆమెకు భయము వేసెను. హెడ్‌ఫోన్లను సంచిలో వేసికొని, తన జీతములో కూడబెట్టినది పట్టుకొని, కట్టుబట్టలతో లేచినట్లు లేచి, ఈ రోజే కొనుచున్నామని ప్రకటించెను. ఆ కూడబెట్టినది మరీ కొంచెము కాదు. అట్లని దుకాణమున కులుకుచు నడచుటకు చాలదు.

అంతట ఊర్ధ్వాధోగమనయంత్రభిషగ్వరుడగు భర్త, పానాల సంచిని మూల నుంచి, మెట్ల మొదట నిలిచి, దిక్కులు పిక్కటిల్ల నిట్లు పలికెను: “ఓ సహధర్మచారిణీ! నీ వ్రేళ్ళకు తగిన యంత్రమును గెలిచి తేనిచో నేనీ మెట్లు మరల నెక్కను!” ఇట్లు పలికెనని వ్రాయుట వీరగాథాకారుడనగు నా ధర్మము. నిజమునకు ఆతడన్నది, “తొందరగా వెళ్ళొచ్చేద్దాం, నాకు ఆకలేస్తోంది.”

అట్లు సకుటుంబముగా దండు కదలెను. అత్తగారు కూడ వచ్చెను. ఆమె నెవరును రమ్మనలేదు. వద్దనుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు.

దుకాణపు అద్దాల తలుపు తెరచుకొనగనే చల్లగాలి వారిని ఎదుర్కొనెను. దాని వెనుక నీలిచొక్కా ధరించిన సేల్సు కుర్రవాడు ఎదుర్కొనెను. ఎంతలో చూస్తున్నారని వాడడిగినది ఒక్కటే ప్రశ్న. ఆపై వాడు కోర్లనెడు నారసములను, ర్యామనెడు గదలను, జనరేషనులనెడు శూలములను ఊపిరి సలుపనీయక కురిపింప, రివ్యూ వాని కెదురొడ్డి, ఆ శూలము నిరుడే పాతబడెననియు, ఆ గద ఫలానా పరీక్షలో వంగిపోయెననియు, ఒక్కొక్కదానిని మధ్యలోనే ఖండించుచు, చూచువారు చుట్టు మూగునంతటి యుద్ధము చేసెను. కోడలికి ఏమియు బోధపడలేదు. భర్తకు ఆకలి ముదిరెను.

ఆ శరవర్షమున వెంట్రుకవాసి యైనను తడవని వ్యక్తి అత్తగారొక్కతెయే. పెదవులను బట్టి మాట పోల్చుకొను ఆమె, నీలిచొక్కా నోటివంక కొంతసేపు తేరిపార చూచి, “మరీ వేగంగా ఆడిస్తున్నాడు, నాకు అందట్లేదు. పళ్ళు మాత్రం బాగున్నాయి” అని తీర్పు చెప్పి, ఒక స్టూలు లాగుకొని కూర్చుండెను.

మొదట వచ్చినది వెండిరంగు లాప్‌టాప్పు, అట్టముక్కంత పలుచనిది. భర్త దానిని ముచ్చటగా ఎత్తిపట్టి, వెనుకనున్న ధర చూచి, నిద్రపోవు పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా యథాస్థానమున ఉంచెను. రెండవది వచ్చినది. దాని మీటల క్రింద ఎరుపు, పచ్చ, ఊదారంగు దీపములు పరుగులెత్తుచుండెను. ఈ రోజు వరకే తగ్గింపు, సంచి ఉచితము, మౌసు ఉచితము. అంతవరకు అరివీరభయంకరుడై పోరాడిన రివ్యూ, ఆ దీపములను చూడగనే ఆయుధములు పారవైచి, “వదినా, ఇది దొరకడం మన అదృష్టం” అని గొంతు గద్గదము చేసికొనెను. భర్త కూడ తల ఊపెను. ఆ తల ఊపుటలో సగము ఆకలి యున్నది.

కోడలు సరే అనబోయెను. అనబోయి, ఎందులకైనను మంచిదని, ఒక పాఠమును పెట్టుమని కోరి, సంచిలోని తన హెడ్‌ఫోన్లు తగిలించుకొని, అద్దపుబల్ల ముందు కూర్చుండి, వినుచు టైపు చేయసాగెను. ఇంటిలో వలెనే అత్తగారు స్టూలును ఎదుటికి జరుపుకొని, అరచేయి బల్లపై ఆనించెను. నీలిచొక్కా వారంటీని గూర్చి మరియొక అధ్యాయము మొదలుపెట్టెను.

అత్తగారి అరచేయి బల్లపై రెండు తట్లు తట్టెను.

కోడలి వ్రేళ్ళు తత్‌క్షణమే ఫైలును సేవ్ చేసెను. ఎచ్చట దాచవలెనని తెర మీద ఒక పెట్టె తెరచుకొనెను. నీలిచొక్కా మాట ఆగిపోయెను.

“ఏం సేవ్ చేస్తున్నారు మేడమ్? ఇది డెమో పీసు కదా.”

కోడలు తన వ్రేళ్ళను తానే చూచుకొనెను. దుకాణమునకు కొత్త లాప్‌టాప్పు కొన వచ్చి, కొననిదానిలో పోయెడు ఫైలును కాపాడుకొన్నవారు ఆ దుకాణచరిత్రలో మరియొకరుండరు. ఆమె సిగ్గుతో నవ్వి, హెడ్‌ఫోన్లు తీసి, అత్తగారి వంక చూచెను.

“ఇదీ వణుకుతోందే అమ్మాయ్” అని అత్తగారనెను. “మన పాతదానికి చెల్లెల్లా ఉంది.”

అది ఏసీ చప్పుడని నీలిచొక్కా వాదించెను. చప్పుడుతో ఆమెకేమి పని? భర్త వంగి, బల్లపై తానును చేయి పెట్టి చూచెను. రోజంతయు మోటార్ల మీద చేతులు వేసి రోగము కనిపెట్టువాడు గదా, వెంటనే చేయి తీసి, “అమ్మ చెప్పింది నిజమే. కాసేపటికే ఇంత గోల చేస్తే రేపు పొద్దంతా పని చేస్తే ఏం కావాలి?” అని పెదవి విరిచెను. ఆకలి గలవాడు ఆ మాట అనుట సామాన్యత్యాగము కాదు.

అంతట అత్తగారు స్టూలు విడిచి లేచెను. లేచి, హస్తైకసాధన, శబ్దజాలదుర్భేద్య, స్వభావతః మొండి యగు ఆ తల్లి, వరుసగా ప్రతి బల్ల యొద్దకును పోయి, నడుచుచున్న ప్రతి లాప్‌టాప్పు ప్రక్కన అరచేయి ఆనించి, కన్నులు మూసి, తల అడ్డముగా ఊపి, తరువాతిదానికి సాగెను. నీలిచొక్కా సొమ్మసిల్లినంత పని చేసి వెనుక వెనుక నడచెను. ప్రక్క బల్ల దగ్గర బేరమాడుచున్న దంపతులు ఇదేదో మహిమ యనుకొని, “ఆంటీ, మాది కూడా ఒకసారి చూడండి” అని బ్రతిమాలుకొనిరి. ఆమె చూచెను. వారు కొనుట మానివేసిరి. దుకాణపు మేనేజరు తన గది నుండి తల బయటకు పెట్టెను.

బల్లలన్నియు అయిపోయినవి. అత్తగారు కాళ్ళు నొప్పి పుట్టి, బిల్లులు కొట్టు కౌంటరు మీదికి వాలి నిలుచుండెను. ఆమె అరచేయి అలవాటుగా కౌంటరు మీద పడెను, అక్కడనే ఉండిపోయెను. అక్కడ బిల్లులు కొట్టు అమ్మాయి ముందు నల్లనిది, దళసరిది, మీటల మీద అక్షరములు సగము అరిగినది ఒక లాప్‌టాప్పు ఉండెను.

“ఇది ఆగిపోయిందా అమ్మా?” అని అత్తగారడిగెను.

ఆ అమ్మాయి తల అడ్డముగా ఊపి, పెదవులు తేటగా కదుపుచు, “లేదాంటీ. పొద్దున షాపు తీసినప్పట్నుంచీ నడుస్తూనే ఉంది” అని చెప్పి, ఆమె చూచుచుండగనే ఇంకొక బిల్లు కొట్టెను.

అత్తగారు వెనుదిరిగి నీలిచొక్కాతో, “నాయనా, మాకిది కావాలి” అనెను.

“అది అమ్మేది కాదండీ. అది మేం వాడుకునేది.”

“మీరు వాడుకునేదే కావాలి.”

మేనేజరు తల మరల లోనికి పోయెను. నీలిచొక్కా, అంతసేపటికి మొదటిసారి మామూలు వేగమున మాట్లాడుచు, అదే రకములో కొత్తవి లోపలి గదిలో ఉన్నవనియు, దీపములు లేనందున ఎవరును అడుగరు గనుక బయట పెట్టలేదనియు ఒప్పుకొనెను. ధర కోడలు కూడబెట్టినదానికి లోబడియే యుండెను. సంచి, మౌసు మాత్రము దానితో రావు.

రివ్యూ గబగబ ఫోనులో వెదకి దిగ్భ్రాంతుడయ్యెను. దానిని గూర్చి ప్రపంచమున ఒక్కడే వ్రాసినాడు. వాడును ‘బాగానే ఉంది’ అని మాత్రమే వ్రాసినాడు. “దీని గురించి ఎవరూ ఏమీ తిట్టలేదు వదినా, ఎలా నమ్మాలి?” అని ఆతడు నిజముగనే బాధపడెను. పెట్టె విప్పించి, క్రొత్తదానిలో పాఠము పెట్టించి, కోడలు చాలసేపు టైపు చేసెను. అత్తగారి అరచేయి కదలలేదు. భర్త ఒక వ్రేలితో మూత నెత్తి, సగములో వదలెను. అది వదలిన చోటనే ఆగెను. లిఫ్టులలో ఆతడు కోరునది కూడ అంతియే గనుక, ఇక మాటలనవసరమనెను.

సోమవారము వచ్చినది. కొత్త లాప్‌టాప్పు తన తెరను తానే మోయుచు బల్లపై నిలిచెను. సైన్సు మాస్టారి మొదటి పాఠము మొదలయ్యెను. కోడలి వ్రేళ్ళు పరుగెత్తెను. ఎదురుగా అత్తగారు అలవాటు చొప్పున అరచేయి బల్లపై ఆనించి కూర్చుండెను. బల్ల వణకలేదు. చాలసేపటికిని వణకలేదు. కొంతసేపటికి కోడలు తల ఎత్తి చూడగా, ఆ అరచేయి బల్ల మీద వెల్లకిల తిరిగి, పని లేక పడియుండెను. అత్తగారు దానినే చూచుకొనుచుండెను. గెలిచి తెచ్చినది ఈమె కొలువును ఊడగొట్టునని కోడలు తలంపలేదు. మరల పనిలో పడెను. అత్తగారు ఊరకుండలేక లేచి, కోడలి ప్రక్కన చేరి తెర చూడసాగెను.

పాఠము చివరికి వచ్చుచుండగా, బల్లపై రెండు తట్లు పడెను.

కోడలి వ్రేళ్ళు సేవ్ చేసెను. ఆమె హెడ్‌ఫోన్లు లాగివేసి, “ఏమైంది అత్తయ్యా?” అనెను.

అత్తగారు తెర మీద వ్రేలు పెట్టెను. “ఇక్కడ మాస్టారు బల్ల మీద ఏదో కొట్టాడు. పిల్లలు ఉలిక్కిపడ్డారు. చప్పుడు రాయలేదేం నువ్వు? నాకు తెలియద్దూ ఎందుకు ఉలిక్కిపడ్డారో?”

కోడలు చూచెను. నిజమే. మాటలన్నియు వ్రాసినది; చప్పుడు వ్రాయ మరచినది. ‘డస్టరు బల్లకేసి కొట్టిన చప్పుడు’ అని అక్కడ చేర్చెను. చేర్చి, పాఠమును మొదటికి తిప్పి, తెరను అత్తగారి వైపునకు జరిపి, “ఇకమీద పంపే ముందు అన్నీ మీరు చూడాలి” అనెను. అత్తగారు కళ్ళజోడు సవరించుకొని, అడుగకపోయిన నేనూరుకొందునా యన్నట్లు కూర్చుండెను. ఫైలు గడువునకు ముందే చేరెను. బాగుందని, రేపటి పాఠము కూడ పంపుచున్నానని సూపర్‌వైజరమ్మ బదులిచ్చెను.

కావున సకలజనులారా వినుడు! ఎన్ని నెలలుగానో చెరబడి, విరిగిన తెరకు వీపుగా నిలిచిన పంచదార డబ్బా, ఈ సోమవారము పట్టపగలు, పని వేళలో, భర్త చేతుల మీదుగా భోజనపు బల్లను వీడి, వంటింటి అలమారలో టీపొడి డబ్బా ప్రక్కన తన పూర్వస్థానమును అధిష్ఠించినది! ఆ శుభవేళ అందరికి టీ వచ్చెను. ఆ ఉత్సాహమున భర్త ఎన్ని చెంచాలు వేసెనో ఆతనికే తెలియదు. అత్తగారు మొదటి గుక్క త్రాగి, మొగము చిట్లించెను.

“పంచదార ఎక్కువైంది” అనెను.

అని, కప్పు అడుగు కనబడు వరకు త్రాగెను.