సీటు పరీక్ష

ఆదివారం పొద్దున హెడ్ గుమాస్తా ఎవరూ లేపకుండానే లేచాడు. ఎవరూ కసరకుండానే స్నానం చేశాడు. భార్య నోరు తెరవకముందే, "ఆ కోటు ఇటివ్వు, మేనేజరు గారింట్లో ఇచ్చేసి వస్తా" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో అతని నోట ఇలాంటి మాట రాలేదు కాబట్టి ఆమె అక్కడే అనుమానించవలసింది. కానీ వెనక గది చీకట్లో ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. అది ఎక్కడం లేదు.

"మధ్యాహ్నం ఆయనకేదో సభ ఉందట. నడుము దగ్గర వదులు చేసి పెట్టాను. దారిలో ఎక్కడా ఆగకండి" అంది, తల ఎత్తకుండానే.

"నేనెక్కడ ఆగుతాను?" అన్నాడు, ఎక్కడ ఆగాలో ముందే నిశ్చయించుకున్నవాడి ధీమాతో.

ఆగవలసిన చోటు మోటారు సైకిళ్ల షోరూము. ఏడాదిగా అతను బండి ఎంచుకుంటున్నాడు. అలాంటిలాంటి బండి కాదు. దున్నపోతంత బరువు, సోఫా అంత సీటు, శంఖం ఊదినట్టు మోత, దానిమీద సముద్రపు ఒడ్డున బయలుదేరి మంచుకొండల దాకా పోయి రావాలి. ఇప్పటివరకు అతను చేసిన అతి దూర ప్రయాణం భార్య స్కూటరు మీద అత్తగారి ఊరికి. అదైనా సగం దారిలో వాన పడితే స్కూటరునూ అతన్నీ కలిపి లారీలో ఎక్కించి పంపారు.

అనుభవం లేకపోవడం అతని జ్ఞానానికి ఏనాడూ అడ్డు రాలేదు. ఆఫీసు క్యాంటీన్లో రోజూ ఉపన్యాసమే. "బండి కొనేవాడు మైలేజీ అడగకూడదోయ్. నడుముని అడగాలి" అనేవాడు. "బండి ఆపడం గొప్ప కాదు. తిరిగి బయటపడే దారి చూసుకుని ఆపాలి. అది తెలియనివాడు సైకిలు కూడా తొక్కకూడదు" అనేవాడు. వినేవాళ్లు నోరు వెళ్లబెట్టేవారు. ఏ బండి కొనాలో ఆయన తేలిస్తే మేమూ అదే కొంటామని ముగ్గురు ఉద్యోగులు మాట కూడా ఇచ్చేశారు. అతనికి 'టూర్ మాస్టారు' అని పేరు పెట్టిందీ వాళ్లే.

ఉపన్యాసం సాగుతున్నంతసేపు పైన అతని కుర్చీ ఖాళీగా ఉండేది. దరఖాస్తులు పట్టుకున్న జనం ఆ ఖాళీ కుర్చీకి దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు. మేనేజరు అడిగితే అతను నడుము పట్టుకుని, "ఏం చేయను సార్, కూర్చుంటే పట్టేస్తోంది. డాక్టరు అటూ ఇటూ తిరగమన్నాడు" అని మూలిగేవాడు. మేనేజరుది జాలిగుండె. పాపం అనుకుని ఊరుకునేవాడు.

ఇంట్లో మాత్రం జాలిగుండెలు లేవు. భార్య నలుగురి బట్టలు కుట్టి సగం సంసారం లాగుతోంది. వెలుతురు బాగా వచ్చే ముందు గదిలో మిషను వేసుకుంటానని ఆమె ఎన్నిసార్లు అడిగినా, "అది టూరింగ్ గది" అనేవాడు. ఆ గదిలో హెల్మెటు ఉంది, తోలు జాకెట్టు ఉంది, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు ఉన్నాయి, గోడ నిండా బండ్ల బొమ్మలున్నాయి. బండికి కావలసినవన్నీ ఉన్నాయి, బండి తప్ప.

"ఆ బండి ఇంటికొచ్చిన రోజు నేను మా అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతాను" అని ఆమె ఒకే మాట చెప్పింది. అందుకే అతను కోటు వంకతో బయలుదేరాడు.

షోరూములో అన్నిటికంటే పెద్ద బండి ముందు నిలబడి అతను ఒక గుక్కలో ఎంత చెప్పాడంటే, అమ్మేవాడికి ఇక చెప్పడానికేం మిగల్లేదు.

"మీకు నేను చెప్పేదేముంది సార్! ఒక్క రౌండు వేసి రండి. మీ చిరునామా, ఫోను నంబరు రాసి, స్కూటరు ఇక్కడ ఉంచండి చాలు. పక్క రోడ్డు దాకా వెళ్లి వచ్చేయండి. గీత పడితే మాత్రం బండి మీదే!" అని నవ్వాడు సేల్స్‌మన్.

హెడ్ గుమాస్తా కూడా నవ్వాడు. కోటు సంచి స్కూటరు కొక్కేనికే వేలాడుతూ ఉండిపోయింది.

బండి కదిలింది. అబ్బో, ఏం నడక! ఏనుగు అంబారీ ఎక్కినట్టే ఉంది. పక్క రోడ్డు వచ్చింది, వెళ్లిపోయింది. చూసేవాళ్లు లేని వైభవం ఎందుకు? ఒక్కసారి మన సందులోకి వెళ్లి, ఇంటి ముందు రెండుసార్లు మోగించి, భార్య కిటికీలోంచి చూసేలోపే తిరిగొచ్చేస్తే? ఆలోచన రావడమే ఆలస్యం, బండి సందులోకి తిరిగింది.

ఆ సందు ఇరుకు. పైగా వాలు. ఆ వాలు చివర అతని ఇంటి గేటు. సందు అక్కడితో సరి. బండి అతను అనుకున్న చోట ఆగలేదు. తనకు తోచిన చోట, తెరిచి ఉన్న గేట్లో సగం దూరాక, ముందు చక్రం ఇంటి మెట్లకు తగిలి ఆగి, ఒక్కసారి తుమ్మి ఆరిపోయింది.

అతను దర్జాగా ఎడమ కాలితో స్టాండు కోసం వెతికాడు. స్టాండు దొరికింది. కానీ తెరుచుకోవాలంటే దానికి జానెడు చోటు కావాలి. ఆ జానెడూ గేటు స్తంభం తినేసింది. పోనీ స్తంభానికి ఆనిద్దామంటే గరుకు సిమెంటు. గీత పడితే బండి తనదే. కుడి పక్కకు దిగుదామంటే మురికి కాలువ. ముందు మెట్లు. వెనక్కి నెడదామంటే వెనకంతా ఎక్కుడు. కాళ్లు నేలకు తన్నిపట్టి నెట్టాడు. బండి కొండలా ఉంది. కదిలింది అతని నడుమే, కలుక్కుమంది.

ఎవరినైనా కేకేస్తే వచ్చి పట్టుకుంటారు. కానీ 'తిరిగి బయటపడే దారి' గురించి ఏడాదిపాటు చెప్పిన నోటితో ఏమని కేకేస్తాడు? రేపటినుంచి క్యాంటీన్లో టీ ఇచ్చేవాడు కూడా నవ్వుతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. అతనికి నాలుగు పక్కలా ఏదో ఒకటి ఉంది.

మోతకు భార్య బయటికి వచ్చింది. మెట్ల మీద నిలబడి బండినీ మొగుణ్ణీ చూసింది.

"కోటు ఇచ్చారా?"

"ఇచ్చినట్టే."

"స్కూటరేదీ?"

"ఉన్నట్టే."

"ఇదేమిటి?"

"పరీక్ష" అన్నాడు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు. "సీటు పరీక్ష. దూర ప్రయాణాల బండికి సీటే ప్రాణం. కొనేముందు దిగకుండా కూర్చుని చూడాలి."

"ఎంతసేపు?"

"అరపూట."

ఆమె అతని ఎడమ కాలివైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. అరవకుండా వెళ్లిపోయినందుకు అతనికి భయం వేసింది.

పక్కింటి కాంపౌండరు పళ్లు తోముకుంటూ వచ్చాడు. సంగతి విని బ్రష్షు నోట్లోంచి తీసేశాడు. "దిగకుండానా? అరపూటా? బావగారూ, మీరు మనిషి కాదు!" అని తడి తువ్వాలు తెచ్చి నెత్తిన వేశాడు. మంచినీళ్లు తాగించబోయాడు.

"వద్దు!" అన్నాడు హెడ్ గుమాస్తా కంగారుగా. నీళ్లు తాగితే తరవాతి అవసరానికి దిగాలి కదా.

"నీళ్లు కూడా ముట్టరట!" అని కాంపౌండరు సందంతా వినిపించేలా ప్రకటించాడు.

అది పై వాటా మామ్మగారి చెవిన పడింది. మామ్మగారు ఏ సంగతీ సగం వినరు. సగం కంటే తక్కువ విని మిగిలింది స్వయంగా పూరించుకుంటారు. మేడ మెట్లు దిగుతూనే తిట్లు మొదలుపెట్టారు. "ఏమ్మా, ఇటు రా! మొగుడు బండి కొనమంటే కొననివ్వవా? పచ్చి నీళ్లు ముట్టకుండా భీష్మించుకు కూర్చున్నాడే! చూడు, మొహం పీక్కుపోయింది. ఏమైనా అయితే నీ మిషను దిక్కవుతుందా?"

"అయ్యో మామ్మగారూ, అలాంటిదేం లేదు..." అన్నాడు హెడ్ గుమాస్తా.

"నువ్వు మాట్లాడకు నాయనా, నీరసం వస్తుంది!"

అంతే. సందంతా గేటు దగ్గరే. ఆడవాళ్లు భార్యకు బుద్ధులు చెబుతున్నారు. మగవాళ్లు అతనికి గొడుగు పడుతున్నారు. ఎవరో కబురంపితే క్యాంటీన్ శిష్యులు ముగ్గురూ ఊడిపడ్డారు. "మాస్టారూ! నడుముని అడగాలంటే ఇదన్నమాట!" అని ఒకడు కళ్లు తుడుచుకున్నాడు. ఎండ నెత్తికెక్కింది. అతని ఎడమ కాలు మొద్దుబారింది. కుడి కాలు వణుకుతోంది. "ఇంజను ఇంకా అదురుతున్నట్టుందే" అన్నాడు ఇంకొకడు, ఆ వణుకు చూసి. షోరూము నుంచి జేబులో ఫోను మోగుతూనే ఉంది. తీద్దామంటే చెయ్యి ఖాళీ లేదు.

అప్పుడు మేనేజరు వచ్చాడు. కోటు కోసం చూసి చూసి, చొక్కాతో, ఒళ్లు మండిపోతూ వచ్చాడు. గుంపు చూసి ఆగాడు.

"ఏమిటయ్యా ఇది?"

"పొద్దుట్నుంచి దిగలేదు సార్!" అన్నాడు కాంపౌండరు, తనే కూర్చున్నంత గర్వంగా. "ఇటు నుంచి అటు కదల్లేదు! నడుమా అది? ఉక్కు!"

"నడుమా?" అన్నాడు మేనేజరు మెల్లగా. బండి చుట్టూ ఒక పక్కే తిరగడానికి వీలుంది. ఆ పక్కే తిరిగి, అతని నడుమును ముందునుంచీ వెనకనుంచీ చూశాడు. "నొప్పిగా లేదూ?"

హెడ్ గుమాస్తా ప్రాణాలు విలవిల్లాడుతున్నాయి. శిష్యులు చూస్తున్నారు. "అబ్బే! ఇంకో అరపూటైనా కూర్చుంటాను సార్" అన్నాడు.

"భేష్" అన్నాడు మేనేజరు. తనలో తనే ఏదో లెక్క వేసుకున్నట్టు తల పంకించాడు.

భార్య చేతిలో విసనకర్రతో దగ్గరికి వచ్చింది. విసురుతున్నట్టు వంగి, అతని చెవిలో గుసగుసగా అంది.

"స్టాండు పడట్లేదు కదూ?"

"నీకెలా..."

"మొదటే చూశాను, కాలితో తడుముకోవడం. ఇదిగో, మామ్మగారి పోరు పడలేకపోతున్నాను. 'సరే, ఇదే కొనుక్కోండి' అని అందరి ముందూ అనేస్తాను."

ఏడాదిగా ఏ మాట కోసం ముక్కోటి దేవతలకు మొక్కుకున్నాడో ఆ మాట అది. వినగానే తన కిందున్న బండిని చూసుకున్నాడు. ఈ కొండ రేపూ తనదే, ఎల్లుండీ తనదే. రోజూ ఈ సందు, ఈ వాలు, ఈ స్తంభం.

"అన్నంత పని చెయ్యకే! నీకు పుణ్యముంటుంది!"

"అయితే ముందు గది నాది."

"అందులో నా హెల్మెటు..."

"నెత్తిన పెట్టుకోండి."

"గోడ మీద బొమ్మలు..."

ఆమె విసనకర్ర ఆపి జనం వైపు తిరిగింది. "అందరూ వినండి..."

"నీదే! గది నీదే!" అన్నాడతను గొంతు నొక్కుకుని.

సరిగ్గా అప్పుడే సేల్స్‌మన్ హెడ్ గుమాస్తా స్కూటరు మీదే వచ్చి రొప్పుకుంటూ దిగాడు. "సార్, పక్క రోడ్డు దాకే అన్నాను కదా! మా వాళ్లు పోలీసుల దగ్గరికి పోదామంటుంటే..."

అతను మాట పూర్తి చేయకముందే ఆమె గొంతు పెంచింది. "మంచి సమయానికి వచ్చావు బాబూ. మా వారు పొద్దుట్నుంచి పరీక్ష చేశారు. ఈ సీటు దూర ప్రయాణానికి పనికిరాదట. తీసుకుపో."

సేల్స్‌మన్ మొహం పాలిపోయింది. శిష్యులు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అయితే మేమూ కొనం" అన్నాడొకడు. "చూశారా, కొనేముందు తెలుసుకున్నారు! గురువంటే అలా ఉండాలి!"

"ఈ సీటు బాగాలేదన్నవాడు ఇంతవరకు లేడండీ" అన్నాడు సేల్స్‌మన్ ఏడుపు గొంతుతో.

"ఇంతసేపు కూర్చున్నవాడు కూడా లేడు కదా" అన్నాడు కాంపౌండరు.

తరవాత అందరూ వెనకనుంచి పట్టుకుని, హైలెస్సా అంటూ, బండినీ దానిమీద అతన్నీ కలిపి పైదాకా లాగారు. "ఇది వెనక్కి లాగే పరీక్ష" అని శిష్యుడొకడు మామ్మగారికి వివరించాడు. చదును మీద దింపితే హెడ్ గుమాస్తా కాళ్లు మడత మంచంలా అలాగే విడిగా ఉండిపోయాయి. స్కూటరు కొక్కేనికున్న సంచిలోంచి కోటు తీసి మేనేజరు అక్కడే తొడుక్కున్నాడు. నడుము దగ్గర చక్కగా సరిపోయింది.

"ఏమయ్యా" అన్నాడు గుండీ పెట్టుకుంటూ, "ఇలాంటి నడుమున్న మనిషిని ఇన్నాళ్లూ తిరగనిచ్చాను చూడు. బుద్ధి లేదు నాకు."

ఆ సాయంత్రమే మిషను ముందు గదిలోకి వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని ఆమె సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించింది. బండ్ల బొమ్మలు కత్తిరింపులకు కాగితాలుగా పనికొచ్చాయి.

మర్నాడు ఆఫీసుకు వెళ్లేసరికి అతని కుర్చీ అతని చోట లేదు. కింద విచారణ కిటికీ దగ్గర వేశారు. బయట జనం వరస వీధి మలుపు దాకా ఉంది. లోపల ఎడమ పక్క గోడ, కుడి పక్క ఫైళ్ల బీరువా, ఎదురుగా కిటికీ చువ్వలు. హెడ్ గుమాస్తా కూర్చున్నాక నౌకరు వచ్చి, మేనేజరు గారి ఆజ్ఞ ప్రకారం, అతని కుర్చీ వెనక ఇంకో బీరువా పెట్టి వెళ్లాడు.